‘షేమ్’ చలనచిత్రము : ప్రేక్షకుల అభిప్రాయభేదము

ఒకే కావ్యమును చదివి ఒకరు కంట తడి పెట్టుటయు, వేరొకరు పుస్తకము మూసి లేచిపోవుటయు సాహిత్యచరిత్రలో క్రొత్త విషయము కాదు. అట్టి భేదము కనిపించినపుడు మనము సాధారణముగా రెండు సమాధానములలో నొకదానితో తృప్తి పడుచుందుము. లోకుల రుచులు వేరువేరనునది యొకటి. లేచిపోయినవాడు సహృదయుడు కాడనునది రెండవది. ఈ రెండును విచారమును ముగించునవే గాని సాగించునవి కావు. మొదటిదానిని అంగీకరించినచో విమర్శకునకు పని యుండదు. రెండవదానిని అంగీకరించినచో విమర్శకుడు తీర్పరియై కూర్చుండును. ప్రేక్షకులలో పుట్టిన భేదమునకు కారణము ప్రేక్షకులయందే కాక కృతినిర్మాణమునందు కూడ నుండవచ్చుననియు, దానిని వెదకుటకు మన అలంకారశాస్త్రము నేటికిని పనికివచ్చుననియు నా నమ్మకము. ఆ నమ్మకమును పరీక్షించుకొనుటకై మన శాస్త్రకారులు ఊహింపని యొక వస్తువును గ్రహించితిని.

ఆ వస్తువు ‘షేమ్’ అను ఆంగ్లభాషా చలనచిత్రము. 2011 సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవమున మొదట ప్రదర్శితమైనది. దర్శకుడు స్టీవ్ మెక్వీన్. 1969లో లండనులో జన్మించిన ఈయన దృశ్యకళారంగమునుండి చలనచిత్రములోనికి వచ్చినవాడు. 1999లో టర్నర్ బహుమానము నందినవాడు. 2008లో తీసిన ‘హంగర్’ ఈయన తొలి కథాచిత్రము. చెరసాలలో నిరాహారియై మరణించిన బాబీ శాండ్స్ అను ఐరిష్ ఖైదీ వృత్తాంత మది. తన శరీరమును తానే ఎండగట్టుకొన్నవాని కథ మొదటిది. ఎంత తినిపించినను శరీరపు ఆకలి తీరనివాని కథ రెండవది. రెండింటను ప్రధానపాత్రధారి మైకేల్ ఫాస్‌బెండరే. ‘షేమ్’ లోని నటనకు వెనిస్‌లో ఈయనకు ఉత్తమనట బహుమానము లభించెను. రచనలో దర్శకునకు ఆబీ మోర్గన్ అను రచయిత్రి తోడ్పడినది.

అమెరికాలో ఈ చిత్రమునకు ‘ఎన్.సి.-17’ అను ముద్ర పడెను. 17 ఏండ్లును, అంతకు లోపును వయస్సు గలవారికి ప్రదర్శనశాలలో ప్రవేశము లేదని దాని యర్థము. అచట చాలమంది నిర్మాతలు ఈ ముద్రకు వెరచి కొన్ని దృశ్యములు తొలగించి తక్కువ ముద్రను సంపాదించుకొందురు. ఈ చిత్రమును విడుదల చేసినవారు అట్లు చేయక 2011 డిసెంబరులో ఉన్నదున్నట్లు ప్రదర్శించిరి. రోజర్ ఈబర్ట్ అను ప్రసిద్ధవిమర్శకుడు దీనికి తాను ఇచ్చు అత్యున్నతస్థానమైన నాలుగు నక్షత్రముల నిచ్చి, ఆ సంవత్సరపు ఉత్తమచిత్రములలో రెండవదిగా నెన్నినాడు. ఎన్నియు, దీనిని మరియొకమారు చూడగలనని తాననుకొనుట లేదని వ్రాసినాడు. ఈ మాట విచిత్రమైనది. ఉత్తమకావ్యము మరల మరల ఆస్వాద్యమని గదా మనము విద్యార్థులకు చెప్పుచుందుము! మెచ్చినవాడే మరల చూడజాలనన్న కృతిని, మెచ్చనివారు సగములో విడిచి లేచిరనిన ఆశ్చర్యమేమి?

మెచ్చనివారందరును ఒక్కటి కాదు. నగ్నత్వమునకు రోసి తిరస్కరించినవారు కొందరు. ఆ నగ్నత్వమును కోరియే వచ్చి, కోరినది దొరకక విసిగినవారు కొందరు. వీరిరువురిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. మూడవ వర్గము వేరు. చిత్రకళయందును నటనయందును దోషము లేదని ఒప్పుకొనుచునే, ఇందలి నాయకుని వ్యథకు కారణము చెప్పబడలేదనియు, కారణము లేని వ్యథ మనలను స్పృశింపదనియు, దర్శకుడు చల్లగా నిలిచి నీతిబోధ చేయుచున్నాడనియు వీరు ఆక్షేపించిరి. విచారింపదగిన పూర్వపక్షము వీరిది.

కథ సూక్ష్మముగా నిది. బ్రాండన్ అనువాడు న్యూయార్కు నగరమున మంచి యుద్యోగములో నున్న యువకుడు. ఐర్లండులో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. ఒంటరివాడు. ఇంటను, కార్యాలయమునను, వీధిలోను, భూగర్భరైలులోను వాని మనస్సు ఒకే వెదకులాటలో నుండును. ఆఫీసులోని వాని కంప్యూటరు అశ్లీలచిత్రములతో నిండి శుభ్రపరచుటకై తీసికొనిపోబడును. అట్టివాని యింటికి చెల్లెలు సిస్సీ చెప్పకయే వచ్చి దిగును. ఆమె గాయని, నిలుకడ లేని మనస్సు గలది. కారీ మల్లిగన్ ఆ పాత్రధారిణి. ఒక రాత్రి బ్రాండన్ పైయధికారి, వివాహితుడు, ఆ యింటనే ఆమెతో గడపును. అన్న అది వినలేక రాత్రివేళ వీధులలో పరుగెత్తును. తరువాత వాడు సహోద్యోగినియైన మరియాన్‌తో మామూలు మనిషివలె స్నేహము చేయబోవును. ఆమెతో మాటలాడినప్పుడు వానికి ఆమెయందు నిజమైన ఆదరము కలుగును. కలిగినది గనుకనే శరీరము సహకరింపదు. ఆమె వెడలిపోవును. తరువాత అన్నాచెల్లెండ్ర కలహము, వాని పతనరాత్రి, చెల్లెలి ఆత్మహత్యాప్రయత్నము, ఆమె బ్రదుకుట, వర్షములో వాని విలాపము. అంతే.

ఇందలి రసమేది? ప్రేక్షకులు విడిపోవుట ఈ ప్రశ్నయొద్దనే ఆరంభమగుచున్నదని నా యభిప్రాయము. తెరపై కనబడు చేష్టలన్నియు శృంగారమునకు సంబంధించినవి. కాని శృంగారమునకు స్థాయియైన రతి ఇందు లేదు. రతి యనగా పరస్పరాశ్రయమైన అనురాగము. ఒకరియందే యుండి రెండవవారియందు లేనిది ఆభాసమని ఆలంకారికులు చెప్పిరి. ఇచట ఇరువురియందును లేదు. (వాడుకభాషలో ‘రసాభాస’ యనిన గందరగోళమని యర్థము స్థిరపడినది. ఈ చిత్రము చూచి వచ్చిన కొందరి మాటలలో శాస్త్రార్థమును, వాడుక యర్థమును ఒక్కటే యైనట్లున్నవి.) భరతుడు శృంగారమునకు వ్యభిచారిభావములను చెప్పుచు మూడింటిని మాత్రము వర్జించినాడు: ఆలస్యము, ఉగ్రత, జుగుప్స. ఈ చిత్రములో ఉగ్రతయు జుగుప్సయు శృంగారచేష్టలతో ముడివడియే వచ్చుచున్నవి. భరతుడు తోసివేసినవానిని దర్శకుడు తెలిసియే లోపలికి పిలిచినాడు. కావున శృంగారాపేక్షతో చూచినవానికి అడుగడుగున దెబ్బ తగులును. ఇది బీభత్సమని గ్రహించినవానికి మాత్రము ఆ దెబ్బయే దారి చూపును.

అయినను బీభత్సమని చెప్పి ఊరకుండుటకు వీలులేదు. శవమును చూచినపుడు కలుగు జుగుప్స బాహ్యవస్తువునుండి వచ్చును. ఇచట జుగుప్సకు ఆలంబనము నాయకుడే, ఆశ్రయమును నాయకుడే. తన్ను చూచి తానే రోయుచున్నాడు. చిత్రము పేరే ఇందుకు సాక్షి. ‘షేమ్’ అను మాటకు ‘సిగ్గు’ అని తెలుగుచేసినచో చాలదు. మన సిగ్గులో పెండ్లికూతురి తలవంపు కూడ ఇమిడియున్నది; అది ఆభరణము. చిత్రమునందలిది శాస్త్రములోని వ్రీడకు సన్నిహితము. చేయరానిది చేసినందువలన కలుగునది వ్రీడయని భరతుని వివరణము. కాని వ్రీడ వ్యభిచారిభావము, వచ్చిపోవునది, రసముగా పరిణమించు స్థాయి కాదు. నిలువజాలని భావమును శీర్షమున నుంచి దాదాపు నూరు నిమిషముల చిత్రమును దానిపై నిలిపినపుడు ప్రేక్షకుని మనస్సునకు విశ్రాంతి యెక్కడ? విశ్రాంతి లేకుండుటయే దర్శకుని యుద్దేశమని సమర్థింపవచ్చును. నేను సగము మాత్రమే సమర్థింతును.

అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను చెప్పినాడు. అందు రెండింటితో ఈ చిత్రమునకు ప్రత్యక్షసంబంధము కలదు. తన సుఖదుఃఖములకు తానే వివశుడగుట యొకటి. తన బాధతోనో తన కోరికతోనో నాటకశాలకు వచ్చినవాడు పరుని కథలో లీనము కాజాలడు. గానవాద్యాదులును మండపాలంకారమును ఈ విఘ్నమును పోగొట్టుటకే యేర్పడినవని ఆచార్యుని మతము. మెక్వీన్ ఈ యుపకరణములను చాలవరకు తగ్గించివేసినాడు. నీలిరంగు దుప్పటి, తెల్లగోడలు, గ్లెన్ గూల్డ్ పియానోపై వాయించిన బాఖ్ స్వరములు, కదలని కెమెరా. కామచేష్టలను చూపునపుడు కూడ దృష్టి అవయవములపై గాక ముఖముపై నిలుచును. ఆ ముఖములో సుఖచిహ్నము కానరాదు. బరువు మోయువాని బిగువు కానవచ్చును. నేను మొదటిసారి ఈ చిత్రమును మధ్యలో ఆపివేసితిని. ఆపినపుడు నగ్నత్వము కారణమనుకొంటిని. కొంతకాలమునకు మరల చూచినపుడు తెలిసినది, నే నోర్వలేకపోయినది ఆ ముఖమునని.

రెండవ విఘ్నము సంశయయోగము. కన్నీరు ఆనందమువలనను రావచ్చును, నేత్రరోగమువలనను రావచ్చును. అనుభావ మొక్కటే యున్నచో ప్రేక్షకుడు సందేహములో పడును. కావుననే విభావానుభావవ్యభిచారుల సంయోగము అవసరమైనది. ఈ యుదాహరణము ఈ చిత్రము కొరకే వ్రాయబడినదా యనిపించును. ఎత్తైన భవనముపై నున్న ఒక విలాసశాలలో సిస్సీ పాడును. పాట ‘న్యూయార్క్, న్యూయార్క్’. 1977లో వచ్చిన చలనచిత్రము కొరకు రచింపబడి, తరువాత ఆ నగరపు జయగీతముగా ప్రసిద్ధి కెక్కినది. దానిని సిస్సీ అతివిలంబితముగా, దాదాపు పదములు విడిపోవునట్లు పాడును. మంగళహారతిని ఏడ్పురాగములో ఎత్తుకొన్నట్లుండును. కొన్ని నిమిషముల వరకు కెమెరా ఆమె ముఖమును విడువదు. నడుమ నొకమారు అన్న ముఖము కనబడును. వాని కంట నీరు జారును. తుడిచికొనును. ఎందులకు ఏడ్చినాడో చిత్రము చెప్పదు; తరువాతను చెప్పదు.

ప్రేక్షకులు చీలిపోయినది ఈ కన్నీటియొద్ద. వారిద్దరి బాల్యములో ఘోరమేదియో జరిగినదని కొందరు ఊహించిరి. అన్నాచెల్లెండ్ర నడుమనే ఏదియో యున్నదని మరికొందరు శంకించిరి. ఊహింప నిరాకరించినవారు కృతి అసంపూర్ణమనిరి. చిత్రములో దీనికి దొరకు ఆధార మొక్కటే: తాము చెడ్డవారము కామనియు, చెడ్డచోటినుండి వచ్చితిమనియు సిస్సీ ఒకసారి అన్నతో చెప్పు మాట. నా దృష్టిలో ఈ కన్నీటికి అంతకుమించిన ఆధారము అక్కరలేదు. విభావము లేదనుట సరికాదు, చెల్లెలే విభావము. వాడు తన గతమును మరచుటకు ఎన్ని విధముల యత్నించినను, ఆ గతమే పాటపాడుచు ఎదుట నిలిచినది. గతము ఎట్టిదో తెలియకపోయినను అది కలదని తెలియుచున్నది. వాడు దాచుటయు తెలియుచున్నది. సంశయము హేతువు నెడనే గాని భావము నెడ కాదు. భావము నిస్సంశయముగా నున్నంతవరకు రసభంగము లేదు.

ఇట మన సాహిత్యములోని నిగమశర్మ జ్ఞప్తికి వచ్చుట సహజము. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యములో ఆ బ్రాహ్మణకుమారుడు విటుడై సర్వము పాడుచేసికొనుచుండగా, అక్క భర్తతో బిడ్డలతో పుట్టినింటికి వచ్చి తమ్మునికి బుద్ధి చెప్పును. కొన్నాళ్లు మారినట్లే కనిపించి, ఒక రాత్రి అక్క నగలతో సహా దోచుకొని పారిపోవును. పేరైన లేని ఆ యక్కకు తెలుగువారి మనస్సులలో లభించిన స్థానము రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వ్యాసము చదివిన వారందరికి తెలిసినదే. వ్యసనపరుని యింటికి తోబుట్టువు వచ్చుట యను సన్నివేశము రెండు కృతులందును ఒక్కటే. వెలియాలి మాటకు లొంగనివానిని తోబుట్టువే కదలింపగలదని ఇరువురు కవులును ఎరిగినవారు. భేద మెక్కడ? రామకృష్ణుని కథలో ఆదినుండి మనకొక భరోసా కలదు, ఇది క్షేత్రమాహాత్మ్యము, వీడెంత చెడినను తుదకు ముక్తుడగును. కావుననే కవి నిశ్చింతగా నవ్వగలిగినాడు, నవ్వింపగలిగినాడు. అక్క అంగలార్పులో కూడ హాస్యమునకు చోటు దొరకినది. న్యూయార్కు యువకునకు అట్టి ఫలశ్రుతి లేదు. వాని యింట తల్లిదండ్రులు లేరు, బంధువులు లేరు. పైగా నిగమశర్మ అక్కకు తన సంసారము తనకున్నది. నగలు పోయినను తాను నిలిచినది. సిస్సీకి అన్న తప్ప వేరు దిక్కు లేదు. అన్నను దిద్దుటకు వచ్చినది కాదు; తన్ను నిలుపుమని వచ్చినది. కారణము చెప్పలేదని ఆక్షేపించిన ప్రేక్షకుడు, నిజమునకు, ఫలము చెప్పలేదని బాధపడుచున్నాడేమో! నిగమశర్మ చెడుటకు రామకృష్ణుడు మాత్రము కారణ మేమి చెప్పినాడు? మన మడిగితిమా?

ఇక్కడ ‘వ్యసనము’ అను పదమును గూర్చి ఒక మాట. మన నీతిశాస్త్రములు సప్తవ్యసనములను చెప్పునపుడు అవి ఇచ్ఛతో చేయు దోషములు. రాజు మానదలచినచో మానవచ్చును. వ్యసనపడుట యనగా తెలుగులో దుఃఖించుట. నేటి వైద్యుల ‘అడిక్షన్’ అను మాటకును మనము ఈ పదమునే వాడుచున్నాము. దోషము, దుఃఖము, రోగము మూడును ఒక్క పదములో కూడినవి. పాశ్చాత్యదేశములందు ఈ మూడింటికి వేరు పదములున్నను తగవు మాత్రము తెగలేదు. కామవ్యసనమను భావనను లోకములో వ్యాపింపజేసిన పాట్రిక్ కార్న్స్ గ్రంథము 1983లో వెలువడినది. అమెరికా మానసికవైద్యుల సంఘము 2013లో ప్రకటించిన రోగనిర్ణయగ్రంథము అతికామమును రోగముగా స్వీకరింపలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అమలునకు తెచ్చిన వర్గీకరణములో మాత్రము అదుపు తప్పిన కామప్రవర్తనకు స్థానము దొరకినది. అదియు వ్యసనముల క్రింద గాక, ఉద్రేకమును నిగ్రహింపలేని వికారముల క్రింద. ఆ వర్గీకరణములోనే ఒక హెచ్చరిక కలదు: కేవలము తన నడవడి తప్పని తాననుకొనుటవలన కలుగు బాధ రోగనిర్ణయమునకు చాలదు. అనగా సిగ్గొక్కటే రోగలక్షణము కాదని. వైద్యశాస్త్రము ఈ మాట చెప్పుటకు పది సంవత్సరములకు పూర్వమే ఈ చిత్రము సిగ్గును శీర్షికగా పెట్టికొన్నది. దీనిని నీతిబోధయని తిట్టినవారును, కరుణయని మెచ్చినవారును ఈ చిక్కుముడినే చెరియొక కొసను పట్టి లాగిరి.

ఇదే వస్తువును 2013లో లార్స్ వాన్ ట్రయర్ ‘నింఫోమేనియాక్’ అను రెండు భాగముల చిత్రములో గ్రహించినాడు. అందలి నాయిక చికిత్సాసమావేశములో వ్యసనపరురాలను పేరును తిరస్కరించి, తన్ను పాతమాటతోనే పిలుచుకొనును. సిగ్గు పడ నిరాకరించును. దానిపై కలిగిన కలవరము మరింత పెద్దది. చెప్పునది స్త్రీ యగుటయు ఇందుకు కొంత కారణమే. రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటించినపుడు మనలో రేగిన దుమారమున కావ్యములోని శృంగారముకంటె ముద్దుపళని స్త్రీయగుటయే ఎక్కువమందిని కలత పెట్టినదను సంగతి ఈ సందర్భమున మరువరాదు. కాని వాన్ ట్రయర్ ప్రతిదానికి ఉపాఖ్యానము చెప్పును, కారణము చెప్పును, పరిహాసమాడును. తర్కించుట కందు చాల కలదు గాని, ఆ విలాసశాలలోని పాటవంటిది నాకు కానరాలేదు.

‘షేమ్’ ను సగము మాత్రమే సమర్థింతునంటిని. రెండవ సగమేదన, పతనరాత్రి. చెల్లెలితో సోఫాపై కలహించి బ్రాండన్ బయటికి పోవును. ఆ కలహదృశ్యము అసాధారణమైనది. ఇరువురిని వెనుకనుండి చూపుచు, ఎదుట టెలివిజనులో పిల్లల బొమ్మలచిత్రము మసకగా ఆడుచుండ, కెమెరా కదలక నిలుచును. దాని తరువాత కాలక్రమము తారుమారగును. ఒక మద్యశాలలో వాడు పరస్త్రీని రెచ్చగొట్టి ఆమె ప్రియునిచే దెబ్బలు తినును. ఎఱ్ఱని వెలుగులో నున్న పురుషుల రహస్యశాలలోనికి పోవును. తరువాత ఇరువురు స్త్రీలతో నుండును. ఇంతవరకు మౌనముతో పని జరుపుకొన్న దర్శకుడు ఇచట శోకసంగీతమును పైకెత్తినాడు. ముఖము చెప్పుచున్న దానినే వాద్యములు మరల చెప్పుచున్నవి. అది యటుండగా, పురుషుడు పురుషునితో కలియుటను నరకపు మెట్టుగా పేర్చుట పెద్దదోషము. దీనిని పెక్కుమంది ఆక్షేపించిరి, ఆక్షేపణ న్యాయమైనది. నీతిదృష్టితో కాదు, ఔచిత్యదృష్టితోనే చెప్పుచున్నాను. అంతవరకు జుగుప్స పాత్రలోనుండి పుట్టినది. ఇచట కవి ప్రేక్షకునిలో ముందే యున్న ఏవగింపును అప్పు తెచ్చి వాడుకొన్నాడు. ఆ యేవగింపు లేని ప్రేక్షకునకు దృశ్యము శూన్యము; ఉన్న ప్రేక్షకునకు అది బ్రాండన్ గూర్చి కాక తన గూర్చియే చెప్పును. అభినవగుప్తుడు చెప్పిన మొదటి విఘ్నమును, ఇంతవరకు శ్రమించి తొలగించిన దర్శకుడే స్వయముగా లోనికి తెచ్చినాడు. కళాదోషము లేదనుచునే చిత్రమును తిరస్కరించిన మూడవ వర్గమువారు ఈ స్థలమును చూపియుండినచో వారి పక్షము బలపడియుండెడిది. వారు కారణము లేదన్నచోట చిత్రమున కొరతలేదు. లోపమున్నది దర్శకుడు అధికముగా చెప్పినచోట.

ముగింపు విషయమున మాత్రము నేను దర్శకుని పక్షమే. మొదటి దృశ్యములో బ్రాండన్ రైలులో ఒక స్త్రీని చూచును. ఆమె వ్రేలికి ఉంగరమున్నది. చూపులు కలియును, ఆమె కలతతో దిగిపోవును, వాడు వెంటబడి గుంపులో ఆమెను పోగొట్టుకొనును. చివరి దృశ్యములో అదే స్త్రీ, అదే రైలు. ఈమారు ఆమెయే చూచును. లేచి నిలిచి కమ్మీని పట్టుకొన్న చేతికి ఉంగరము కనబడును. వాని ముఖము కనబడును. రైలు సాగుచుండగనే చిత్రము ఆగును. వాడు లేచునని పందెము వేసినవారున్నారు, లేవడని వేసినవారున్నారు. నేను రెండవమారు చూచినపుడు ఆ ముఖమునే పరిశీలించితిని. మొదటి దృశ్యములో వాని చూపు కదలలేదు. ఈమారు ఆమెను చూచిన కన్నులు ఒక క్షణము క్రిందికి దిగి, మరల పైకి లేచినవి.